వంటింటి అడుగు చివికిపోయింది



ఈసారి వంటింటి నేల మార్చడం గురించి రాస్తున్నాను. ఇంట్లో వంటిల్లు కాదు, కారవాన్‌లో వంటిల్లు. చక్రాల మీద ఉండే ఇల్లు అన్నమాట. నా తెలుగు నేను సొంతంగా నేర్చుకున్నదని మీకు తెలుసు కదా, అందుకే వాక్యాలు చిన్నవిగా ఉంటాయి. ఎప్పటిలాగే కొత్త మాట వచ్చిన చోట ఆగి చెబుతాను.

కువైట్ తెలియని వాళ్ళ కోసం ముందు రెండు మాటలు. ఇక్కడ ఎండాకాలంలో బయట నిలబడలేం. 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. అందుకే చలికాలం వస్తే కువైటీలకు పండగ. మామూలుగా నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు మునిసిపాలిటీ అనుమతితో ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. ఎడారిని వాళ్ళు 'బర్ర్' అంటారు. గుడారాల పక్కన కొందరు కారవాన్ కూడా పెట్టుకుంటారు. అందులో మంచం, గ్యాస్ పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉంటాయి. మిగతా ఎనిమిది నెలలు ఆ కారవాన్ ఎక్కడో ఒక దొడ్లో ఎండలో పడి ఉంటుంది.

మా నాయన షువైఖ్‌లో ఒక చెక్క పనుల వర్క్‌షాపులో పని చేస్తాడు. ఊరు రాయచోటి దగ్గర ఒక పల్లె. (మా వైపు నాన్నను 'నాయన' అంటారు. పుస్తకంలో 'నాన్న' అని నేర్చుకున్నా, నాకు నోటికి వచ్చేది నాయనే.) వయసు 62. జనవరిలో అకామా రద్దు చేయించుకుని పూర్తిగా ఊరికి వెళ్ళిపోతున్నాడు. మా అమ్మ రెండేళ్ళ ముందే వెళ్ళింది. నేను ఇక్కడే ఉద్యోగంలో ఉంటాను.

వెళ్ళే ముందు ఆయనకు వచ్చిన చివరి పెద్ద పని ఈ కారవాన్. వర్క్‌షాపు యజమానిది. కబ్ద్‌లో ఆయన జాఖూర్‌లో ఉంది. (జాఖూర్ అంటే గొర్రెలు, ఒంటెలు పెట్టుకునే దొడ్డి.) నవంబరు 15కల్లా సిద్ధం కావాలి. పని శుక్రవారాలే. నాయనకు మోకాళ్ళ నొప్పి, కింద కూర్చోలేడు. అందుకని సాయానికి ఇద్దరం వెళ్ళాం: నేను, నాయనతో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్న బాబాయ్. బాబాయ్‌ది కోనసీమ. రక్త సంబంధం ఏమీ లేదు, కానీ నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన బాబాయే. నాయన ఆయన్ని 'తమ్ముడూ' అంటాడు. ఆయన నాయనను 'అన్నయ్యగారూ' అంటాడు, ఎప్పుడూ 'అండి' పెట్టి మాట్లాడతాడు.

సింకు ముందు అడుగు వేస్తే నేల మెత్తగా దిగుతోంది. పైన వినైల్ షీటు చూడటానికి బాగానే ఉంది. నాయన ఒక స్క్రూడ్రైవర్ తిప్పి పట్టుకుని, పిడితో తడుతూ వెళ్ళమన్నాడు. గట్టి చోట శబ్దం గట్టిగా వస్తుంది. చెడిన చోట 'డబ్' అని మొద్దుగా వస్తుంది. శబ్దం మారిన చోటల్లా నేను సుద్దతో గీత గీశాను. చివరికి సింకు కింద మొదలై తలుపు దాకా ఒక పెద్ద మరక లాంటి బొమ్మ వచ్చింది.

"చివికిపోయుండాది," అన్నాడు నాయన.

"పుచ్చిపోయిందండి," అన్నాడు బాబాయ్.

"పుచ్చేది పురుగు తింటే. ఇది నీళ్ళకు చివికింది."

"మా వైపు అన్నిటికీ పుచ్చిపోయిందనే అంటామండి."

నేను ఫోన్ తీసి రెండు మాటలూ రాసుకున్నాను. ఇంగ్లీషులో ఒకే మాట ఉన్న చోట తెలుగులో ఎన్ని ఉన్నాయో ఆ రోజు లెక్క పెట్టాను. పండు, కూరగాయ, మాంసం కుళ్ళిపోతాయి. అందులో తడి, వాసన ఉంటాయి. అన్నం, కూర పాచిపోతాయి. పన్ను, వంకాయ పుచ్చిపోతాయి. అందులో లోపల తొర్ర ఉంటుంది. చెక్క, పాత బట్ట చివికిపోతాయి. పట్టుకుంటే పొడిపొడిగా, పీచుపీచుగా ఊడి వస్తాయి. ఇది నాయన పద్ధతి. బాబాయ్ పద్ధతి వేరు. రెండూ తెలుగే.

నేను మాటలు వెతికేది సి.పి. బ్రౌన్ నిఘంటువులో. ఆ పుస్తకం 1852లో వచ్చింది. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అక్కడ పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాలు రాయించాడు, దిద్దించాడు. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆయన కూడా మనలాగే పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నవాడు. అది తలచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

సరే, పనికి వద్దాం.

నాకు ముందు వచ్చిన సందేహం ఇది. కువైట్‌లో ఏడాదంతా కలిపినా వాన సగటున సుమారు 120 మిల్లీమీటర్లే. ఇలాంటి చోట చెక్క నీళ్ళకు ఎలా చెడుతుంది? నాయన సింకు కింద తలుపు తీసి చూపించాడు. కొళాయి గొట్టం జాయింటులో రబ్బరు వాషరు ఎండకు బిగుసుకుపోయి, పగిలింది. ఎండాకాలంలో మూసి ఉన్న కారవాన్ లోపల బయటకన్నా ఎక్కువ వేడి. ఆ వేడికి రబ్బరు పోతుంది. చలికాలంలో ట్యాంకు నింపి పంపు వేయగానే చుక్క చుక్క కారుతుంది. చుక్క పైన పడితే ఎండిపోయేది. కానీ అది వినైల్ షీటు కిందికి వెళ్ళింది. వినైల్ మూత లాంటిది. కింద తడి పైకి పోలేదు. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే ఉంటే బూజు జాతి దాన్ని తినడం మొదలుపెడుతుంది. అంటే చెక్కను చంపింది ఎడారి వాన కాదు, ఎడారి ఎండే, చుట్టుతిరుగుడు దారిలో.

బాబాయ్ ఇంకో గుర్తు చెప్పాడు. కొళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు అప్పుడప్పుడూ దానంతట అదే 'గుర్రు'మంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టే. లీకు ఆపకుండా నేల మారిస్తే రెండేళ్ళలో మళ్ళీ అదే పని. అందుకని మొదట వాషరు మార్చి, పంపు వేసి, గంటసేపు ఊరికే కూర్చున్నాం. పంపు మూలగలేదు. అప్పుడు టీ తాగాం.

తరువాత జాకీలు పెట్టి కారవాన్‌ను సమంగా నిలబెట్టాం. ఇక్కడ నాకు చాలా నచ్చిన మాట ఒకటి దొరికింది: రసమట్టం. గాజు గొట్టంలో గాలి బుడగ ఉండే పనిముట్టు. బుడగ మధ్యలో ఉంటే మట్టం సరిగ్గా ఉన్నట్టు. దాని చెల్లెలు మూలమట్టం. అది మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉందో లేదో చూస్తుంది. బండి వంకరగా నిలబడి ఉండగా అడుగు బిగిస్తే, తరువాత బండి సరిగ్గా నిలబడినా అడుగు వంకరగానే ఉంటుంది.

అవును, 'అడుగు'. నేను 'నేల' అంటూ ఉంటే నాయన నవ్వాడు. "నేల కింద ఉండాది మే, ఇసుక. ఇది బండికి అడుగు." ('మే' అనేది మా సీమలో ఆడవాళ్ళను దగ్గరగా పిలిచే మాట. నాకు చాలా ఇష్టం.)

కోయడానికి ముందు గ్యాస్ సిలిండర్ కట్టేశాం, బ్యాటరీ తీగ విప్పాం, అడుగు కింద పాకి తీగలూ గొట్టాలూ ఎక్కడ ఉన్నాయో చూశాం. ప్లైవుడ్ మందం 15 మిల్లీమీటర్లు. రంపం పళ్ళు అంతకన్నా లోతుకు దిగకుండా నాయన బిగించి ఇచ్చాడు. పెద్ద కోతలు బాబాయ్ కోశాడు. అల్మారాల కింద ఇరుకు మూలలు నావి.

నాయన తలుపు దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చుని చెబుతున్నాడు. నా తల అల్మారాలో, చేతిలో పనిముట్టు. ఆయన ముఖం కనబడదు. అర్థం కాకపోతే ఇంగ్లీషులోకి దూకే మా పాత అలవాటుకు అక్కడ చోటు లేదు.

"ఇంకొంచెం ఎగువకు. ఆ... చాలు. ఇప్పుడు ఓరగా పట్టు. వాసం మధ్యకు రావల్ల కోత. ఇవతల కాదు, అవతల."

ఎగువ అంటే పైవైపు, దిగువ అంటే కిందివైపు, ఓరగా అంటే ఒక పక్కకు వాల్చి. వాసం అంటే ఇంటి కప్పు కింద వేసే పొడవైన కర్ర. నాయన అడుగు కింద ఉన్న అడ్డచెక్కలకూ అదే మాట వాడాడు. కోత వాసం మీద సగానికి వస్తే, మిగిలిన సగం మీద కొత్త చెక్క కూర్చుంటుంది. లేకపోతే కొత్త చెక్క అంచు గాలిలో ఉంటుంది. ఈ మాటలు నేను ముందు చదివినవే. కానీ రంపం చేతిలో ఉండగా విన్నప్పుడే అవి నావి అయ్యాయి.

పాత చెక్క ఎత్తితే కింద నల్లగా ఉంది. ఒక వాసం చివర చేత్తో నలిపితే పొడి అయింది. చివికిపోవడం అంటే ఏమిటో నా వేళ్ళకు తెలిసింది. ఆ చివర కోసేసి, పక్కన కొత్త చెక్క జోడించి బోల్టులు బిగించాం. తడిసిన థర్మకోల్ తీసేశాం. ఆ వారమంతా తలుపులు, కిటికీలు తెరిచి ఆరనిచ్చాం. అక్టోబరు చివర కదా, ఎండ ఇంకా బాగానే ఉంది. ఇప్పుడు అదే ఎండ మాకు పని చేసి పెట్టింది.

రెండో శుక్రవారం యజమాని వచ్చి, పైన సిరామిక్ టైల్స్ వేయమన్నాడు. నాయన అరబిక్‌లో వద్దని చెప్పాడు. బరువు ఎక్కువ, పైగా ఎడారి దారిలో బండి ఒళ్ళు విరుచుకుంటుంది, టైల్ పగులుతుంది. ఆయన వెళ్ళాక నాయన నాకు మా ఇంటి లెక్క చెప్పాడు. ఊళ్ళో మా వంటింట్లో పరిచినవి కడప బండలు. అంగుళం మందం బండ చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు. 15 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే పది కిలోల లోపే. "బండకు చివికేది తెలీదు. కానీ అది కదలదు. కదిలే ఇంటికి తేలిక చెక్కే గతి," అన్నాడు. ముప్పై ఏళ్ళు కువైట్‌లో అద్దె ఇళ్ళు మారిన మనిషి ఆ మాట అంటే నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. 'నాయనా, నువ్వు ఇప్పుడు బండ దగ్గరికి పోతున్నావు,' అని మూడో శుక్రవారం అన్నాను. ఆయన తల ఊపాడు. ఇలాంటి మాట నేను ఆయనతో తెలుగులో అనడం అదే మొదటిసారి.

కొత్తది మెరైన్ ప్లైవుడ్, పడవలకు వాడేది. బాబాయ్ గోదావరి పడవల గురించి కథలు చెబుతూ దాని నాలుగు అంచులకూ ఎపాక్సీ పూశాడు. నీళ్ళు ముందు దూరేది అంచులోంచే. వాసాల మీద జిగురు వేసి, తుప్పు పట్టని స్క్రూలు దించాం. తేమకు చెక్క ఉబ్బడానికి చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు వదిలి, దాన్ని సీలెంట్‌తో నింపాం. పైన కొత్త వినైల్.

పని మధ్యలో నాయన నోటి నుంచి వచ్చే భాషలు వింటే సరదాగా ఉండేది. దుకాణంలో మేకు 'మిస్మార్', రంపం 'మిన్షార్'. నాకు మాత్రం మేకు మేకే, రంపం రంపమే. ఆయన నా కోసం అరబిక్ మాటను పక్కన పెట్టి తెలుగు మాటను ఎక్కడి నుంచో తవ్వి తీస్తున్నాడని నాకు రెండో వారంలో తెలిసింది. "ఈ మాట అని ఎన్నేండ్లయిందో," అన్నాడు ఒకసారి, రసమట్టం తుడుస్తూ. అంటే చివికిపోయే ప్రమాదం నా తెలుగుకే కాదు, ఆయన తెలుగుకు కూడా ఉంది. వాడని మాట మూత కింద తడి చెక్క లాంటిది. పైన బాగానే కనిపిస్తుంది.

నవంబరు 12న కారవాన్ అప్పగించాం. జనవరి తరువాత మేం ఫోన్‌లోనే మాట్లాడుకోవాలి. ఇన్నాళ్ళూ మా ఫోన్లు 'తిన్నావా, నిద్రపోయావా' దగ్గర ఆగిపోయేవి. ఇప్పుడు అడగడానికి నా దగ్గర నలభై మూడు మాటల జాబితా ఉంది, వాటి పక్కన ఇంకా ఖాళీ గళ్ళు ఉన్నాయి.

మీకు ఒక చిన్న పని. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి ఏదైనా ఒకటి బాగు చేయండి. కుర్చీ కాలు అయినా సరే. మాటలు అడగకండి, పని అడగండి. మాటలు వాటంతట అవే వస్తాయి. ఆ తరువాత నాకు చెప్పండి: మీ ఇంట్లో పాత చెక్క చివికిపోతుందా, పుచ్చిపోతుందా?