ఒళ్ళు చేసే పొదుపు

మన తెలుగువాళ్ళం చాలా రోజుల తరువాత కలుసుకుంటే “ఏమిటి, ఇలా చిక్కిపోయారు?” అనో, “కాస్త ఒళ్ళు చేశారే!” అనో పలకరించుకుంటాం. అందులో ఆప్యాయతే ఎక్కువ. అయినా ఆ మాట వినడం మాకు కష్టమైన రోజులున్నాయి.

మా ఇద్దరిలో ఒకరు డాక్టరు సలహా మీద ఏడాదిలో 25 కిలోలు తగ్గారు. ఇంటిల్లిపాదీ అన్నం తగ్గించి పుల్కాలకు, కూరలకు అలవాటు పడ్డాం. రెండేళ్ళు తిరిగేసరికి, తిండి పెద్దగా పెరగకుండానే, తగ్గినదాంట్లో సగం తిరిగొచ్చింది. “నోరు కట్టుకోవద్దూ?” అని ఒకరిద్దరు నవ్వారు. ఆ రాత్రి మా అమ్మాయి, “నాన్న మనకి తెలియకుండా తింటున్నారా?” అని అడిగింది. దానికి సరైన జవాబు వెతకవలసి వచ్చింది.

పిల్లలూ, మనం నిద్రపోతున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒళ్ళు వెచ్చగా ఉండడానికి శక్తి ఖర్చవుతుంది. బరువు తగ్గితే ఆ ఖర్చూ తగ్గుతుంది. చిన్న ఇంటికి కరెంటు బిల్లు తక్కువ కదా! కానీ బాగా బరువు తగ్గినప్పుడు, లెక్క ప్రకారం తగ్గవలసిన దానికంటే ఎక్కువే తగ్గవచ్చు. కరువొచ్చిందేమోనని శరీరం పొదుపు మొదలుపెడుతుందన్నమాట.

అమెరికా టీవీలో 2009లో వచ్చిన ‘ద బిగ్గెస్ట్ లూజర్’ పోటీదారులలో 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ళ తరువాత మళ్ళీ పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించింది. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళకు 41 కిలోలు తిరిగొచ్చాయి. అయినా కదలకుండా ఉన్నప్పుడు వాళ్ళ ఒంటి ఖర్చు, ఉండవలసిన దానికంటే రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగానే ఉంది. కొవ్వు నిల్వల కబురు మెదడుకు చేరవేసే లెప్టిన్ కూడా పూర్వస్థితికి రాలేదు. అది తగ్గితే ఆకలి పెరుగుతుంది. అందరిలోనూ ఇది ఇంత తీవ్రంగా ఉండదు. తగ్గిన బరువును నిలబెట్టుకున్నవాళ్ళు మిగిలినవాళ్ళకంటే బాగా ఎక్కువగా ఒళ్ళు కదిలించారని అదే బృందం తరువాత గమనించింది.

ఇదంతా చెబితే మా అమ్మాయి కాసేపు ఆలోచించి, “అయితే నాన్న మాట నాన్న ఒళ్ళే వినట్లేదు” అంది.

ఇప్పుడు వారం వారం పిల్లలు లోపల గుణింతాలు దిద్దుతుంటే, మేము బడి చుట్టూ నడుస్తున్నాం. మరో నాలుగు కుటుంబాలు కూడా తోడయ్యాయి. మీరూ రండి. బరువు సంగతి మాత్రం అక్కడ ఎవరూ ఎత్తరు.