తటస్థుని చెవులు

మొన్న దసరా సెలవులకు మా మనుమడు వికారాబాదు వచ్చాడు. పగలంతా అనంతగిరి గుట్టల మీద తిరగడం, పొద్దుగూకగానే టీవీ ముందు చేరడం, ఇదీ వాడి దినచర్య. ఒకనాటి రాత్రి కబడ్డీ ఆట చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ఒళ్ళోని దిండును విసిరికొట్టి, "తాతా, అంపైరు అమ్ముడుపోయిండు!" అని తీర్పు చెప్పేశాడు.

"నీకెట్లా తెలుసురా?" అన్నాను.

"చూస్తలేవా? మనోళ్ళకు ఒక్కటి కూడ ఇస్తలేడు."

ఆ 'మనోళ్ళు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మిత్రులారా, ఈ టపా ఆ ఒక్క మాట వల్ల పుట్టింది.

వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి గనుక ఏ మాట తగిలినా విప్పి చూడటం నాకు వదలని అలవాటు. 'పక్షము' అంటే రెక్క, ప్రక్క, వర్గం. 'పాతము' అంటే పడటం. ఒక ప్రక్కకు ఒరిగిపోవడమే పక్షపాతం. దానికి ఎదురుగా నిలిచే మాట 'తటస్థుడు'. తటము అంటే ఒడ్డు. ఏటిలోకి దిగక ఒడ్డున నిలిచినవాడు తటస్థుడు. తరగతి గదిలో ఈ రెండు మాటలనూ ఎన్ని వందల మంది పిల్లలకు వివరించానో లెక్కలేదు. అయితే ఒడ్డున నిలిచినవాడి చెవులలోనూ ఏటి హోరు నిండుతుందన్న సంగతి మాత్రం ఏనాడూ చెప్పలేదు. అది నేను శబ్దార్థాలలో నేర్చుకున్నది కాదు, తాండూరులో ఒక మట్టి బరి పక్కన నిలబడి నేర్చుకున్నది.

అది 1994 నవంబరు. అప్పటికి వికారాబాదు, తాండూరు రెండూ రంగారెడ్డి జిల్లాలోనివే. (వికారాబాదు జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న.) పాఠశాలల ఆటల పోటీలు తాండూరులో పెట్టారు. మా బడి పిల్లలను వెంటబెట్టుకొని ప్యాసింజరు బండిలో బయలుదేరాను. ధారూరు దాటిన తరువాత రెండు వైపులా పూత మీదున్న కంది చేలు. తాండూరు సమీపిస్తున్నకొద్దీ పేర్చిన నాపరాతి పలకలు. పిల్లలు దారి పొడుగునా పాడుతూనే ఉన్నారు.

కబడ్డీకి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు కావాలి. రావలసిన అంపైర్లలో ఒకాయన రాలేదు. నిర్వాహకులు నా వైపు చూసి, "పండితులు కదా! గురువు లఘువు ఏరే చెవులు మీవి. కూత మీరు వినండి" అన్నారు. మా బడి కూడా బరిలో ఉందని చెప్పాను. ఎదుటి బడి వ్యాయామోపాధ్యాయుడే కల్పించుకొని, "ఏం పర్వాలేదు సార్, మీ మీద నమ్మకముంది" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాననే చెప్పాలి.

కూత సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. అవతలి బరిలోకి వెళ్ళినవాడు 'కబడ్డీ, కబడ్డీ' అని స్పష్టంగా వినబడేలా, ఒకే ఊపిరిలో అంటూ తిరిగి రావాలి. నడుమ గాలి పీల్చితే అవుటు. మా ప్రాంతంలో దీనినే 'దమ్ము' అంటారు. గీత తొక్కితే మట్టిలో అడుగు ముద్ర మిగులుతుంది, వంగి చూసుకోవచ్చు. ఊపిరి ఏ ముద్రా మిగల్చదు. దానికి సాక్ష్యం విన్నవాడి చెవి ఒక్కటే.

మొదటి సగంలో ఎదుటి జట్టువారి దమ్ము ఆరుసార్లు తెగిందన్నాను, మా వాళ్ళది ఒకసారి. ఆ ఆరూ తెగినవే. ఆ పిల్లలు గట్టిగా అరుస్తూ పోయి, మలుపు దగ్గర గుటుక్కున గాలి మింగేవారు. భుజాలు లేవడం నా కళ్ళకు కనబడేది. చుట్టూ మూగిన జనం మాత్రం ఊరుకోలేదు. "వికారాబాదు సారు గదా, గట్లనే చేస్తడు" అన్న మాట నాలుగు దిక్కుల నుండీ వినబడింది.

విరామంలో ఆ వ్యాయామోపాధ్యాయుడు చేతిలో చిన్న నోటు పుస్తకంతో నా దగ్గరకు వచ్చాడు. నిలువుగా గీత గీసి, రెండు వైపులా లెక్క వేసుకున్నాడు. "ఏమనుకోవద్దు సార్. మా పిల్లలయి ఆరు, మీ పిల్లలది ఒకటి. నేనేం అంటలేను. లెక్క జూపిస్తున్న, గంతే" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే నాకు సులువయ్యేది.

ఎన్నో ఏళ్ళ తరువాత మెల్బోర్నులో స్థిరపడిన మా మేనల్లుడు అక్కడి ఫుట్‌బాల్ గురించి చెబుతుంటే ఆ నోటు పుస్తకం మళ్ళీ కళ్ళముందు మెదిలింది. ఆస్ట్రేలియావారి ఆ ఆటలో తప్పు చేసిన జట్టుకు ఎదురుగా అంపైరు ఫ్రీ కిక్కు ఇస్తాడు. ఆట ముగిశాక ఏ జట్టుకు ఎన్ని ఫ్రీ కిక్కులు వచ్చాయో పక్కపక్కన పెట్టి, అంపైరు ఎటు ఒరిగాడో తేల్చడం అక్కడి అభిమానులకు ఆటంత ఇష్టమట. చూడటానికి అది త్రాసులాగే ఉంటుంది. అందులోనే మోసముంది. ఒక జట్టు నిజంగానే ఎక్కువ తప్పులు చేస్తే లెక్క హెచ్చుతగ్గులుగా ఉండటమే న్యాయం. సరిసమానంగా తేలితేనే అనుమానించాలి.

ఈ తర్కం నాకు ఆనాడు తెలియదని కాదు. అయినా రెండవ సగం మొదలు కాగానే నా మనసులోనూ ఒక నిలువు గీత వెలిసింది. కూత వింటున్నాననుకున్నాను గాని, అంకెలు లెక్కపెడుతున్నాను.

చివరి నిమిషంలో ఇరు జట్లూ సమానం. మా జట్టు నుండి కూతకు వెళ్ళినవాడు పదవ తరగతి పిల్లవాడు, ధారూరు వైపు ఒక పల్లె వాడు. వాడి కూత అందరి కూతలాంటిది కాదు. గొంతు పెంచడు. తుమ్మెద రొదలాగా సన్నగా, తెగకుండా సాగిపోతుంది. అంత పొడుగు ఊపిరి ఆ బడిలో మరెవరికీ లేదు. మూలన ఉన్నవాడిని వేలితో తాకి వెనుదిరిగాడు. సరిగ్గా అప్పుడే జనం అంతా ఒక్క పెట్టున అరిచారు. ఆ అరుపులో వాడి కూత నాకు వినబడలేదు.

వినబడకపోవడం వేరు, ఆగిపోవడం వేరు. ఆ తేడా ఎరిగిన నేను, భుజాలు చూసి పోల్చుకోగలిగిన నేను, ఆ క్షణాన భుజాల వైపు చూడనేలేదు. చెయ్యెత్తి, దమ్ము తెగిందన్నాను.

ఒక్క అంకెతో ఓడిపోయాము. ఆ నోటు పుస్తకం మాస్టారు వచ్చి నా చెయ్యి పట్టుకొని, "న్యాయంగ చేసిన్రు సార్" అన్నాడు. ఉద్యోగ జీవితంలో నన్ను అంతగా కాల్చిన మెచ్చుకోలు మరొకటి లేదు. పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "సార్, నేను దమ్ము ఇడువలే" అన్నాడు. అంతే. వాదించలేదు, ఏడవలేదు. సాయంకాలం బండిలో పిల్లలెవరూ పాడలేదు. ధారూరులో దిగేటప్పుడు వాడు మాత్రం, "పోయొస్త సార్" అని చెప్పి దిగాడు.

ఆ రాత్రి నుండి నన్ను నేను అడిగిన ప్రశ్న ఒకటే: నేను ఎవరి పక్షాన పడ్డాను? మా వాళ్ళ పక్షాన కాదు. తాండూరు వాళ్ళ పక్షానా కాదు. బరిలో రెండు జట్లే ఉన్నాయనుకున్నాను. మూడవ పక్షం ఒకటుంది, అది తీర్పరి మంచిపేరు. నేను ఒరిగింది దాని మీదకు.

ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి ఈ విషయం మీద కొంత చదివాను. 2002లో ఇంగ్లండులో ఒక పరీక్ష చేశారు. నలభై మంది అర్హులైన ఫుట్‌బాల్ రిఫరీలకు ఒకే ఆటలోని 47 ఘట్టాలను తెర మీద చూపించి, ఏది తప్పో ఏది కాదో చెప్పమన్నారు. కొందరికి జనం కేకలతో సహా వినిపించారు, కొందరికి శబ్దమే లేకుండా చూపించారు. కేకలు విన్నవారు స్థానిక జట్టు చేసిన తప్పులను 15.5 శాతం తక్కువగా పట్టుకున్నారు. గమనించండి: పొరుగు జట్టును అదనంగా దండించడం కన్నా, సొంత ఊరి జట్టును దండించవలసిన చోట చెయ్యి ఆగిపోవడమే అక్కడ కనబడింది. వారెవరూ అమ్ముడుపోలేదు. చెవులున్నాయి, అంతే.

చూసేవారి సంగతీ అంతే. 1951లో అమెరికాలోని ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాసంస్థల మధ్య మోటుగా జరిగిన ఒక ఫుట్‌బాల్ ఆట చలనచిత్రాన్ని తరువాత రెండు చోట్లా విద్యార్థులకు చూపించి తప్పులు లెక్కించమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు కనబడినవాటికి రెట్టింపుకు మించి ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనబడ్డాయి. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చిత్రం ఒకటే, కళ్ళు వేరు. మా మనుమడి 'మనోళ్ళు' అక్కడా ఉన్నారన్నమాట.

మరి దీనికి మందేమిటి? మన హైదరాబాదు వాడైన అంపైరు వి.కె. రామస్వామి పేరు మీలో క్రికెట్టు అభిమానులకు గుర్తుండే ఉంటుంది. 1986 నవంబరులో లాహోరులో పాకిస్తాను, వెస్టిండీసు జట్లు టెస్టు ఆడినప్పుడు, స్వదేశపు అంపైర్ల మీద ఎప్పుడూ ఉండే అనుమానం తప్పించాలని మూడవ దేశం వారిని పిలిచారు. అలా వెళ్ళినవారు రామస్వామి, పీలూ రిపోర్టర్. ఆ ఆటలో పాకిస్తాను ఇన్నింగ్సు తేడాతో ఓడిపోయింది. తరువాత 1994 నుండి ప్రతి టెస్టుకూ ఒక తటస్థ అంపైరు, 2002 నుండి ఇద్దరూ తటస్థులే అన్న ఏర్పాటు వచ్చింది. అది ఆటగాళ్ళకే కాదు, అంపైరుకూ రక్షణ. తాండూరులో ఆనాడు నాకు లేనిది అదే.

కాని తటస్థులు వచ్చినా గొడవ తీరలేదు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో ఇద్దరు అంపైర్లూ బయటి దేశాల వారే: జమైకాకు చెందిన బక్నర్, ఇంగ్లండుకు చెందిన బెన్సన్. మన లక్ష్మణ్ 109 పరుగులు చేసిన ఆట అది. 30 పరుగుల దగ్గర బంతి బ్యాటు అంచు తాకి క్యాచ్ ఇచ్చిన సైమండ్స్‌ను అవుటు కాదన్నారు. అతడు 162 దాకా వెళ్ళి అజేయంగా నిలిచాడు. మన దేశమంతా రగిలింది. తరువాతి టెస్టుకు బక్నర్‌ను మార్చవలసి వచ్చింది. పక్షమే లేనివాడిలోనూ మనకు పక్షపాతం కనబడుతుంది.

ఇక కబడ్డీ. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనలులో భారత్, ఇరాన్ 28-28తో సమానంగా ఉన్నాయి. మిగిలింది నిమిషం పైచిలుకు. మన నాయకుడు పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే పక్కనున్న లాబీలోకి అడుగు పెట్టాడు. అతడి వెంట ఇరాన్ వాళ్ళూ వెళ్ళారు. పాత నియమం ప్రకారం అలా వెళ్ళిన అందరూ అవుటు. కొత్త నియమం ప్రకారం కూతకు వెళ్ళినవాడు మాత్రమే. తీర్పు అటూ ఇటూ మారింది. ఇరు జట్లూ నిరసన తెలిపాయి. సుమారు గంటసేపు ఆట ఆగిపోయింది. చివరకు భారత్ 33-29తో గెలిచింది. అక్కడ కెమెరాలున్నాయి, తటస్థులున్నారు. నియమమే రెండు నాలుకలతో మాట్లాడింది.

ఇదంతా మా మనుమడికి చెప్పాను. ఓపికగా విని, ఒకే ప్రశ్న వేశాడు: "అయితే తాతా, ఆ అన్న అవుటా, కాదా?"

"తెలియదురా" అన్నాను. ముప్పయ్యేళ్ళు దాటినా నా దగ్గర ఉన్న జవాబు అదే.

వాడికి చెప్పనిది ఒకటుంది, మీకు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఇంటి వరండాకు నాపరాళ్ళు కొనడానికి తాండూరు వెళ్ళాను. రాళ్ళు నునుపు చేసే ఒక దుకాణం ముందు నడివయసు మనిషి నన్ను చూసి లేచి నిలబడి, "సార్, గుర్తు పట్టిన్రా?" అన్నాడు. గొంతు విని గుర్తుపట్టాను. అదే సన్నని గొంతు. టీ తెప్పించాడు. ఇన్నాళ్ళూ గుండెలో మోసినదాన్ని దించుకుందామని, "ఆ రోజు నీ దమ్ము తెగినట్టు నేను వినలేదు నాయనా. ఊరికే చెయ్యెత్తాను" అన్నాను.

అతడు కాసేపు ఆలోచించాడు. "ఏ రోజు సార్? తాండూరుల ఆడిందా? ఓడిపోయినమేమో... అంత యాదికి లేదు" అన్నాడు. తరువాత నవ్వుతూనే, "ఏడో తరగతిల పద్యాల పోటీ పెట్టిన్రు గదా, గది మాత్రం యాదికుంది. నేను ఒక్క తప్పు లేకుండ చెప్పిన. మీరు ఫస్టు ప్రైజు ఇంకో సారు కొడుక్కిచ్చిన్రు" అన్నాడు.

ఆ పోటీ నాకు గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో ధారూరు దాటేదాకా వెదుక్కున్నాను. ఏ పద్యాలు, ఏ పిల్లలు, ఎందుకలా ఇచ్చాను? ఒక్కటీ తట్టలేదు. ఆనాడు జనం అరవలేదు. ఎవరూ నోటు పుస్తకంలో గీత గీయలేదు. ఆ గదిలో తీర్పరిని నేనొక్కణ్ణే. ఇవ్వలేదని అనడానికి నాకు ధైర్యం చాలలేదు.

రాళ్ళు మాత్రం అతడే దగ్గరుండి టేపు పెట్టి కొలిచి పంపించాడు. ఇంటికి వచ్చాక పరిపించాను. ఒక్కటీ అంగుళం తేడా లేదు.

మిత్రులారా, మీలో బడిలోనో, బరిలోనో, ఇంట్లోనో తీర్పు చెప్పినవారు ఉండే ఉంటారు. మీకు గుర్తున్న తీర్పుల సంగతి మీరే చెప్పగలరు. మరచిపోయిన వాటి సంగతి ఎవరినైనా అడిగి చూశారా?