ఒకటీ సున్నా గళ్లు

మా చిన్నప్పుడు విజయవాడ గవర్నరుపేటలో సందుకో అద్దె పుస్తకాల షాపు ఉండేది. వేసవి సెలవులొస్తే పిల్లలందరి మకాం అక్కడే. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు, మధుబాబు షాడో నవలలు చేతులు మారీ మారీ అట్టలు ఊడి, పురికొస కుట్టు మీద వేలాడుతుండేవి. ఏ పుణ్యాత్ముడో మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. వాణ్ణి క్షమించొచ్చు. చివరి పేజీలు చింపుకుపోయినవాణ్ణి మాత్రం క్షమించలేం.

అలాంటి మొండి నవలలకే మా బాబాయి అవసరం పడేది. ఇంజనీరింగ్ కాలేజీలో అప్పుడే కంప్యూటర్ పాఠాలు మొదలయ్యాయి ఆయనకి. చెప్పులు బయట విడిస్తే గానీ ఆ ఏసీ గదిలోకి రానివ్వరట, గుళ్లోకి వెళ్లినట్టు. పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసేవాడు. నిలువునా అనుమానితులు, అడ్డంగా ప్రశ్నలు: ఆ రాత్రి ఊళ్లో ఉన్నాడా? తాళంచెవి అందేదా? పిస్తోలు పేల్చడం వచ్చా? అవునంటే ఒకటి, కాదంటే సున్నా. ఒక్క సున్నా పడిందా, మనిషి అవుట్. "కంప్యూటర్ బుర్రంతా ఇంతేరా, మొహం చూసి అనుమానపడటం దానికి రాదు" అనేవాడు. మాకు వచ్చిందల్లా అదే. మేనేజరుకి పిల్లిగడ్డం ఉంటే చాలు, వాడే హంతకుడు.

ఒక వేసవిలో ఏలూరు రోడ్డు పాత పుస్తకాల్లోంచి అసిమోవ్ 'ద కేవ్స్ ఆఫ్ స్టీల్' తెచ్చాడు. మేడ మీద పక్కలు వేశాక రోజుకి కాస్త కాస్త చెప్పేవాడు. 1954లో పుస్తకంగా వచ్చిన నవల అది. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదని జాన్ క్యాంప్‌బెల్ అనే సంపాదకుడు అన్నందుకు, ఎందుకు కుదరదో చూద్దామని రాశాడు అసిమోవ్.

న్యూయార్క్ పక్కనే వేరే గ్రహాలవాళ్లు ఉండే స్పేస్‌టౌన్. అక్కడ రోబోలు తయారుచేసే శాస్త్రవేత్త హత్య. భూమ్మీది జనం పైకప్పున్న నగరాల్లోనే పుట్టి పెరిగారు, ఆరుబయట నడవాలంటే వాళ్లకి ప్రాణభయం. నగరంలోంచి స్పేస్‌టౌన్‌కి ఉన్న గేటులోంచి వెళ్తే ఆయుధం తీసేసుకుంటారు. రోబో ఆరుబయట ఎంతదూరమైనా నడుస్తుంది, కానీ మనిషిని చంపలేదు, దాని బుర్ర కట్టడమే అలా కట్టారు. గళ్లు గీశాం. మనిషికో సున్నా, రోబోకో సున్నా. లెక్క ప్రకారం హత్య జరగడానికే వీల్లేదు, శవం మాత్రం ఉంది!

బాబాయి నవ్వి, 'చంపడం' అనే గడి మధ్య గీత గీసి రెండు చేశాడు: ఆయుధం చేరవెయ్యడం, పేల్చడం. రోబో ఆరుబయటనుంచి తుపాకీ మోసుకెళ్లింది. మనిషి వట్టి చేతులతో గేటులోంచి వెళ్లాడు.

యుగంధర్ అభిమానిగానే చెబుతున్నా, ఇంత శుభ్రమైన ముడి మన డిటెక్టివ్ నవలల్లో నాకు తగల్లేదు. ఆ మనిషెవరో మాత్రం చెప్పను. నవల ఇప్పటికీ దొరుకుతోంది, చదివి మీరే పట్టుకోండి.