సుద్దముక్క గీత

మా వైపు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును ఆ పేరుతో పిలిచేవారు లేరు. ఆయన ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరు’. ఈ పేరు ఎవరు పెట్టారో గాని, అందులో గొప్ప ఔచిత్యం ఉన్నది. రికార్డులు చూసేవాడు, దీపాలు చూసేవాడు, బరువు చూసేవాడు అని జనం అనలేదు. అన్నింటిలోను బ్రేకునే పట్టుకున్నారు. అయినా రోడ్డు మీద లారీని ఆపినప్పుడు బ్రేకును నిజంగా చూసిన బ్రేక్ ఇన్‌స్పెక్టరును నా జీవితంలో ఒక్కరినే ఎరుగుదును. ఆయన మాట విననివాణ్ణి నేనే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

మొన్న సంక్రాంతికి సదుం వెళ్ళినప్పుడు, కాలం చేసిన మా చిన్నాయన ట్రంకుపెట్టెను సర్దవలసి వచ్చింది. ఫైనాన్సు రసీదులు, చెల్లిపోయిన పర్మిట్లు, టమోటా మండీ పట్టీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన తనిఖీ చీటీ ఒకటి, దానికి గుండుసూదితో గుచ్చిన తెల్లకాగితం ఒకటి కనిపించాయి. తెల్లకాగితం మీద ఉన్నది కార్బను ప్రతి, చేవ్రాలు నాది. 1998 వేసవి నాటిది.

అప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. చిన్నాయన ఒక పాత లారీని ఫైనాన్సులో కొని పుంగనూరు, మదనపల్లె మండీల నుండి మద్రాసుకు టమోటా బాడుగలు తోలేవాడు. కోయంబేడులో లెక్కలు చూసుకోవడానికి చదువుకున్నవాడు ఒకడు ఉంటే మంచిదని ఆ రాత్రి నన్ను కూడా ఎక్కించుకున్నాడు. మూడవవాడు మా ఊరి పిల్లవాడే, క్లీనరు. పదిహేడేళ్ళుంటాయి. పేరు వ్రాయను.

పుంగనూరులో సరుకు ఎత్తుకొని బయలుదేరేసరికి ఎనిమిది దాటింది. టమోటాకు గడియారం ఉంటుంది. తెల్లవారుజామున వేలం మొదలయ్యే లోపల చేరకపోతే, ఆ రోజు ధర మరొకరిది. మనకు మిగిలేది గంపల అడుగున కారే రసం. పలమనేరు దాటిన కాసేపటికి జీపు పక్కన నిలబడిన హోంగార్డు టార్చి ఊపి ఆపాడు.

రికార్డులన్నీ సరిగానే ఉన్నాయి. ఎఫ్.సి.కి ఇంకా రెండు నెలల గడువున్నది. చిన్నాయన ధైర్యంగానే ఫైలు చేతికిచ్చాడు. ఆ ఇన్‌స్పెక్టరు ఫైలును ముట్టుకోకుండా, ఖాకీ చొక్కా విప్పి జీపు మీద పడేసి, బనీనుతో లారీ క్రిందికి దూరాడు. చక్రాలకు కట్టెలు అడ్డం పెట్టించాడు, ఇంజను ఆపించాడు. క్లీనరును సీటులో కూర్చోబెట్టి, తాను చెప్పినప్పుడు బ్రేకు తొక్కి పట్టుకొమ్మన్నాడు. ఒక్కొక్క చక్రం దగ్గర, ఎయిర్ బ్రేకు డబ్బా నుండి బయటికి వచ్చే రాడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, తొక్కమని అరచి, గీత ఎంత దూరం జరిగిందో చూశాడు. వెనుక ఎడమవైపు గీత జరగవలసినదానికంటె చాలా ఎక్కువ జరిగింది.

ఈ పరీక్షలోని సంగతి నాకు చాలాకాలం తరువాత అర్థమైంది. గాలి ఒత్తిడికి ఆ రాడ్డు ముందుకు వచ్చి, లైనరును డ్రమ్ముకు అదిమిపెట్టాలి. లైనరు అరిగేకొద్దీ రాడ్డు ఇంకా ఎక్కువ దూరం రావలసి వస్తుంది. అడ్జస్టరు బిగించకపోతే ఒక హద్దు దాటాక అది ఎంత వచ్చినా పట్టు ఉండదు. చదునైన రోడ్డు మీద ఈ లోపం డ్రైవరుకు తెలియదు, మిగిలిన మూడు చక్రాలు ఆ భారం మోస్తాయి. ఘాటు దిగేటప్పుడు ఆ మూడూ వేడెక్కిపోతాయి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనరుకు ఇంకా దూరమవుతుంది. అంటే బ్రేకు ఎక్కడ అవసరమో అక్కడే అది లేకుండా పోతుంది.

ఆయన చీటీలో నాలుగు లోపాలు వ్రాశాడు: వెనుక ఎడమ బ్రేకు, లోపలి టైరు బోడిది కావడం, వెనుక దీపం వెలగకపోవడం, రిఫ్లెక్టర్లు లేకపోవడం. లారీని ప్రక్కన పెట్టి ఉదయం మెకానిక్కును పిలిపించుకొమ్మన్నాడు.

టైరు గురించి ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఎఫ్.సి. నాటి టైర్లు వేరు, బాడుగ నాటి టైర్లు వేరు. మంచి టైర్లున్న లారీ ఓనరును బతిమాలి, ఒక్క పూటకు అవి తగిలించుకొని, పరీక్ష కాగానే విప్పి ఇచ్చేసేవారు. చిన్నాయన ఒక్కడే చేసిన పని కాదు, అయినా చేశాడు.

చిన్నాయన ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. “సామీ, రైతుల సరుకు సామీ. తెల్లారితే కుళ్ళిపోతాది. కంతు కట్టల్ల. వచ్చేటప్పుడు బాగుచేయించుకుంటాము” అన్నాడు. ఆయన కరగలేదు. అప్పుడు నేను ముందుకు వచ్చాను. నాకు ఇంగ్లీషు వచ్చుననే గర్వం ఆ వయసులో కొంచెం ఎక్కువగానే ఉండేది. ఏడు రోజులలో లోపాలన్నీ సరిచేయించి చూపిస్తామని, అంతవరకు బాధ్యత మాదేనని చక్కని ఇంగ్లీషులో హామీపత్రం వ్రాసి చదివి వినిపించాను. ఆయన గంపల వంక చూశాడు, నా వంక చూశాడు. బాగా అలసిపోయి ఉన్నాడు.

“నువ్వు చదువుకున్నోడివి. నువ్వే సంతకం పెట్టు” అన్నాడు. పెట్టాను. జరిమానా కట్టించుకొని, “మొగిలి ఘాటు చిన్న గేరులోనే దిగండి” అని రెండుసార్లు చెప్పి వదిలిపెట్టాడు. నేను గెలిచినట్టే అనుకున్నాను. చిన్నాయన నా వీపు తట్టాడు.

తరువాతి సంగతి క్లుప్తంగానే చెబుతాను. పోయిన గంటన్నరను పూడ్చుకోవాలనే ఆత్రంలో చిన్నాయన చిన్న గేరులో దిగలేదు. సగం దిగేసరికి లైనరు కాలిన వాసన వచ్చింది, పెడలు నేలకు తగిలింది. గేరు పడలేదు. ఆయన లారీని కొండవైపు రాసి నిలబెట్టే ప్రయత్నం చేస్తుండగా, చక్రానికి కట్టె వేద్దామని క్లీనరు దూకాడు. లారీ నిలిచింది గాని వాని కుడికాలు దాని క్రింద ఉండిపోయింది. మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చింది. నాకు మోచేతి మీద చర్మం గీసుకుపోయింది, అంతే.

ఆ ఘాటు ఇప్పటికీ బలి తీసుకుంటూనే ఉన్నది. 2024 సెప్టెంబరులో అక్కడ లారీ ఆర్టీసీ బస్సును ఢీకొన్న వార్తలో చనిపోయినవారి పేర్లు చదువుతుంటే నా ముక్కుకు ఆ కాలిన వాసన వచ్చింది. అక్కడ కారణం ఏమిటో నేను చెప్పబోను. వాసన సంగతి మాత్రమే చెబుతున్నాను.

చీటీ దొరికిన తరువాత చట్టం చదివాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షను ఉన్నది. ప్రమాదకరమైన లోపం ఉన్నదని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి కూడా, బండిని తోలినవానికే గాక తోలనిచ్చినవానికి కూడా అది వర్తిస్తుంది. అప్పట్లో జరిమానా 250 రూపాయల వరకు. ఆ లోపం వలన ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2019 సవరణలో ఆ అంకెలు 1,500, 5,000 అయ్యాయి. తోలనిచ్చినవాడు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అదే చట్టంలో బరువు ఎక్కువైతే 20,000 రూపాయల జరిమానా, పైన టన్నుకు 2,000 చొప్పున అదనం. ఆ ఎక్కువ సరుకు దించనిదే బండి కదలరాదు. బ్రేకు లేని బండికి కూడా ఎఫ్.సి. రద్దు చేసే అధికారం 56వ సెక్షనులో ఉన్నది. కాని రోడ్డు మీద వాడుకలో ఉన్నది జరిమానాయే. ఇప్పుడు చలానా సెల్‌ఫోనుకు వస్తుంది, ఫోనులోనే కట్టేస్తాము, లారీ అదే బ్రేకుతో ముందుకు పోతుంది.

చిన్నాయన కొడుకు అమెరికాలో ఒక ట్రక్కుల కంపెనీలో సరిగ్గా ఈ పనే చేస్తున్నాడు. విధి వింతైనది. అక్కడ రోడ్డు ప్రక్కన తనిఖీలో లోపాలు వ్రాసిన కాగితాన్ని డ్రైవరు కంపెనీకి అందజేయాలి. కంపెనీ బాగుచేయించి, బాగుచేశామని సంతకం పెట్టి, 15 రోజులలోగా తిప్పి పంపాలి. ఒక ప్రతిని ఏడాది పాటు దాచుకోవాలి. లోపం మరీ ప్రమాదకరమైతే బాగయ్యే వరకు బండి ఉన్నచోటి నుండి కదలరాదు. మొత్తం బ్రేకులలో 20 శాతం గాని అంతకు మించి గాని పనిచేయకపోతే అంతే సంగతి. వాళ్ళూ ఆ రాడ్డు మీద సుద్దముక్కతోనే గీత గీస్తారని వాడు చెప్పినప్పుడు ఫోను పట్టుకున్న చేయి వణికింది. మా ఆరు చక్రాల లారీకి బ్రేకులు నాలుగు. ఒకటి పోతే 25 శాతం.

“పదిహేను దినాల్లో బాగుచేస్తామని రాసిచ్చి పోయేది కాదన్నా అది. బాగుచేసినాక రాసిచ్చేది” అన్నాడు. వాళ్ళ నాయన చీటీ సంగతి వానికి అప్పటికి తెలియదు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

క్లీనరుకు ఆనాడు పరిహారం రాలేదు. ఇన్సూరెన్సుకు పోతే తనిఖీ చీటీ బయటపడుతుందని చిన్నాయన భయపడ్డాడు. ఇంట్లో ఉన్నది ఊడ్చి కొంత డబ్బు వాళ్ళమ్మ చేతిలో పెట్టి, పెద్దమనుషుల ముందు మాట తీర్చుకున్నాడు. అదీ న్యాయమేనని అప్పుడు నేను నమ్మాను, లేదా నమ్మినట్టు నటించాను.

అతను ఇప్పుడు రోడ్డు ప్రక్కన పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు. చీటీ జేబులో పెట్టుకొని వెళ్ళాను. అతను కళ్ళద్దాలు తెచ్చుకొని నెమ్మదిగా చదివాడు.

“దీంట్లో ఉండేదంతా నాకు తెలుసన్నా. ఆ పొద్దు బ్రేకు తొక్కింది నేనే గదా. గీత యాడికి పోయిందో ఆ సారు నన్ను దించి చూపించినాడు. ‘దీంతో ఘాటు దిగితే సస్తారా’ అన్నాడు.”

“మరి ఎందుకు ఎక్కినావురా?”

“మీరు సంతకం పెట్టినారు గదా” అన్నాడు. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. కారణం అడిగితే కారణం చెప్పాడు.

కొంతసేపటికి తానే అడిగాడు: “ఈ చీటీ ఇప్పుడేమన్నా పనికొస్తాదా?”

1923 నాటి పరిహార చట్టంలో రెండేళ్ళ గడువు ఉండేదనీ, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు ఉండేదనీ చెప్పాను. ఇన్నేళ్ళ ఆలస్యాన్ని మన్నిస్తారో లేదో వకీలును అడగాలనీ, చీటీ దాచినది మేమేనని నేను వ్రాసి ఇస్తాననీ అన్నాను.

“మల్లా సంతకమా?” అని నవ్వాడు.

చిన్నమ్మకు ఇది ఇష్టం లేదు. పోయిన మనిషిని కోర్టుకెక్కిస్తావా అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే సోమవారం అతనూ నేనూ మదనపల్లెకు వెళుతున్నాము.