ఏలీయా కూర్చున్న చెట్టు

మా ఆదివారపు బడిలో ఒక చిన్నవాడు మమ్మును ఇలా అడిగాడు: "అయ్యగారూ, ఏలీయా బదరీవృక్షం కింద పడుకున్నాడు గదా. బదరి అంటే రేగుచెట్టని మా తాత చెప్పాడు. మరి ముళ్లు గుచ్చుకోలేదా?" రేగుముల్లు కాలిలో విరిగిన పిల్లవాడికే ఇలాంటి ప్రశ్న వస్తుంది. పట్నం పిల్లలు అడగరు.

ఆ చెట్టు రేగు కాదు. హెబ్రీ భాషలో దాని పేరు రోతెము. అరబ్బులు నేటికీ రతమ్ అంటారు. మన తెలుగు బైబిలులో ఈ ఒక్క మాటకు రెండు పేర్లున్నాయి. 1 రాజులు 19వ అధ్యాయములో బదరీవృక్షము అన్నారు. యోబు 30:4లోను, కీర్తన 120:4లోను తంగేడు అన్నారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు వారు మూడుచోట్లా జూనిపర్ అని వేరే జాతి చెట్టు పేరు పెట్టారు. తర్జుమా చేసినవారిని తప్పుపట్టనక్కరలేదు. మన పొలాల్లో లేని మొక్కకు మన జనులెరిగిన పేరు వెదకి పెట్టారు. మా మట్టుకు రేగు కంటె తంగేడే నయమనిపిస్తుంది. గట్లమీద, రాళ్లలో, ఎవరూ చెంబెడు నీళ్లు పోయకపోయినా బ్రతికే పొద గదా!

మేము సంఘస్థులతో కలిసి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లినది ఫిబ్రవరి నెలలో. బెయేర్షెబా దాటి దక్షిణంగా పోతుంటే ఒక ఎండిన వాగు దగ్గర బస్సు ఆపారు. అలాంటి వాగును అక్కడ వాదీ అంటారు. వానాకాలంలో ఎప్పుడో వరద వచ్చి పోతుంది, మిగతా కాలమంతా ఇసుక, గులకరాళ్లే. బెయేర్షెబాలో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దక్షిణపు కొసన ఏలాతులో 30 కూడా దాటదు. మా అనంతపురంలో సగటున 550 దాకా పడితేనే కరువుసీమ అని పేరు పెట్టుకున్నాము!

బస్సు దిగగానే మొదట తగిలినది వాసన. తేనె వాసన. చూస్తే మనిషెత్తు పొద, చీపురు పుల్లల్లాంటి కొమ్మలు, వాటినిండా తెల్లని చిన్న పూలు, పూల మొదట ఊదారంగు, చుట్టూ తేనెటీగలు. పువ్వు ఆకారం అచ్చం జనుము పువ్వే, కాకపోతే చిన్నది. మాతో వచ్చిన పెద్దమ్మ ఒకామె చూడగానే "ఇది మన కందికి చుట్టమే అయ్యగారూ" అంది. ఆమె మాట నిజమే. కంది, వేరుశనగ, జనుము, రోతెము అన్నీ ఒకే కుటుంబం. దాని వేళ్లకు కూడ బుడిపెలుంటాయి, గాలిలోని నత్రజనిని అవి ఎరువుగా మారుస్తాయి.

ఆకులు మొలుస్తాయి గాని త్వరలోనే రాలిపోతాయి. ఆకు చేయవలసిన పని పచ్చని కొమ్మే చేస్తుంది. కొమ్మపొడుగునా సన్నని గాళ్లుంటాయి. ఊపిరి రంధ్రాలు ఆ గాళ్లలో దాగి ఉంటాయి గనుక నీరు త్వరగా ఆవిరైపోదు. వేరు చాలా లోతుకు పోయి ఇసుకను పట్టుకుంటుంది. మండుటెండల్లో పైకొమ్మలు పనిమాని నిద్రపోతాయి. చూసినవారు చచ్చిందనే అనుకుంటారు. వాటి చాటున కింది కొమ్మలు మాత్రం పచ్చగా ఉండి పని చేస్తూనే ఉంటాయి. లిన్నేయస్ శిష్యుడైన ఫోర్స్కల్ అనే శాస్త్రజ్ఞుడు అరబ్బుల పేరునే దీనికి శాస్త్రనామంలో ఉంచాడు. ఆయన 1763లో యెమెనులో జ్వరంతో చనిపోగా, పుస్తకం 1775లో అచ్చయింది.

దీని వేరు, మొద్దు కాల్చిన బొగ్గులు చాలాసేపు ఆరవు. పైకి బూడిద, లోపల నిప్పు. మోసకరమైన నాలుకను గూర్చిన కీర్తనలో ఈ నిప్పులనే ఎందుకు చెప్పారో పొయ్యి ఊదిన మన అక్కలకు బోధించనక్కరలేదు.

ఇక నీడ సంగతి. ఆకులేని పొదకు నీడ ఎంత? మేము దాని కింద కూర్చుని చూశాము. తలకు నీడ ఉంటే కాళ్లకు ఎండ. కర్మెలు మీద ఆకాశమునుండి అగ్ని దిగిరాగా చూచిన ప్రవక్తకు దొరికినది అంతే. అక్కడే ఆయన ఇక చాలు, చనిపోతాను అన్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. రొట్టె కాలిన నిప్పులు ఏ కట్టెలవో వాక్యములో లేదు గాని, ఆ అరణ్యంలో వంటచెరకంటే రోతెమే.

ఈ మాట ఎందుకు వ్రాస్తున్నామంటే, మా సంఘంలో ఒక సహోదరుడు మూడు బోర్లు వేయించాడు, మూడూ ఎండిపోయాయి. వేరుశనగ పెట్టుబడి కూడా రాలేదు. ఏలీయా అన్నమాటే ఆయనా అన్నాడు. విశ్వాసం చాలని వాడని కొందరు పెద్దలు మందలించబోతే మేము వద్దన్నాము. ఆయన భార్య పురుగుమందు డబ్బా తీసి పక్కింట దాచింది, జొన్నరొట్టె చేసి పెట్టింది, పగలంతా పడుకున్నా లేపలేదు. రాత్రిళ్లు మేము, మా పరిచారకులు వంతులవారీగా వాళ్ల అరుగుమీద పడుకున్నాము. బోధ ఏమీ చేయలేదు. జిల్లా ఆసుపత్రి డాక్టరుగారి దగ్గరకు మేమే తోడు వెళ్లాము.

ఈ ఏడు ఆయన నాలుగో బోరు మాట ఎత్తలేదు. రెండెకరాలలో కంది వేశాడు.