పనామాకు దారి దుగ్గిరాల మీదుగా

మా తమ్ముడు అమెరికాలో వుంటాడు. కిందటి ఆషాఢంలో ఒకనాటి రాత్రి ఫోను చేసి, "అన్నయ్యా! వచ్చే సంక్రాంతికి మీరంతా రండి. అందరం కలిసి ఓడ ఎక్కుదాం. పెద్ద ఓడల కాలవ ఒకటి దాటి వద్దాం" అన్నాడు.

నేను బాపట్లలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. పొద్దున తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగడం, సాయంత్రం బాపట్లలో ఎక్కి తెనాలిలో దిగడం, ఇదే నాకు తెలిసిన మహాయాత్ర. అయినా సముద్రయానమంటే ఎవరికి చేదు? సంక్రాంతి సెలవులకు మరో పదిహేను రోజులు కలుపుకోవచ్చునని లెక్క వేసుకొన్నాను. మా అమ్మాయి గోడనున్న ప్రపంచపటం దించి చాపమీద పరిచింది. మా ఆవిడ మాత్రం, ఓడలో ఆవకాయ తిననిస్తారా లేదా అన్న ముఖ్యమైన సమస్య లేవదీసింది.

పటంమీద పెద్ద ఓడల కాలవలు రెండు కనిపించాయి. మొదటిది సూయజు. 1869 నవంబరు 17న తెరిచారు. పొడవు 193 కిలోమీటర్లు. ఎడారిలో తవ్విన చదునైన కాలవ అది. ఈ సముద్రంలో నీరూ ఆ సముద్రంలో నీరూ నేరుగా కలుస్తాయి, మధ్య ఒక్క లాకు కూడా లేదు. 2021 మార్చిలో "ఎవర్ గివెన్" అనే ఓడ అందులో అడ్డంపడి ఆరు రోజులు లోకంలోని వర్తకాన్నంతా ఆపివేసిన సంగతి మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. పైగా 2023 చివరినుంచి ఎర్రసముద్రంలో ఓడలమీద దాడులు జరిగి, చాలా కంపెనీలు తమ ఓడలను ఆఫ్రికా చుట్టూ తిప్పుకొన్నాయి. పిల్లలతో అటు వద్దనుకొన్నాము.

రెండోది పనామా. 1914 ఆగస్టు 15న తెరిచారు. పొడవు సుమారు 82 కిలోమీటర్లే గాని, దాని తమాషా వేరు. అక్కడ భూమి చదునుగా లేదు. అందుచేత చాగ్రెస్ అనే నదికి ఆనకట్ట కట్టి, సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున గాటున్ అనే సరస్సును తయారుచేశారు. ఒకవైపు మూడు మెట్లుగా లాకులు కట్టి ఓడను ఆ సరస్సులోకి ఎక్కిస్తారు. రెండోవైపు మళ్ళీ మూడు మెట్లు దింపి పసిఫిక్ సముద్రంలో వదులుతారు. మొత్తంమీద ఎనిమిది పది గంటల ప్రయాణం.

"ఓడ మెట్లెక్కుతుందా నాన్నా!" అని మా అమ్మాయి నోరు తెరిచింది.

మంచంమీద పడుకొని వింటున్న మా నాయనమ్మ లేచి కూర్చుంది. ఆవిడకు ఎనభై అయిదు దాటినయ్. "ఇందులో వింతేముందే? దుగ్గిరాల లాకుల్లో నేనెక్కలా?" అన్నది.

మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకొన్నాము. ఇంట్లో ఇంతమంది చదువుకొన్నవాళ్ళం వుండగా, లాకు దాటిన మనిషి ఆవిడ ఒక్కతే!

1956లో మా నాయనమ్మ పదహారేళ్ళ పిల్లగా కాపురానికి వచ్చింది. పుట్టిల్లు రేపల్లె దగ్గర కాలవగట్టు పల్లె. రేపల్లెకు అప్పటికే రైలున్నది గాని, సారె బిందెలూ, ట్రంకుపెట్టెలూ, అరిసెల బుట్టలూ, వాటికి తోడు పద్ధెనిమిది మంది చుట్టాలూ రైలుకు లొంగే సామాను కాదు. అందుకని వాళ్ళ నాన్న పడవ మాట్లాడాడు.

"రేపల్లె కాలవలో ఏటికి ఎదురు రావాలి గదా. గాలుంటే చాప ఎత్తేవాళ్ళు. లేకపోతే గట్టుమీద ఇద్దరు మనుషులు తాడు భుజానేసుకొని లాగేవాళ్ళు. తెల్లారి బయల్దేరితే దుగ్గిరాల చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అక్కడ పడవను గదిలాంటి దాంట్లోకి తోసి వెనక తలుపులు మూశారు. ముందు తలుపు తూములు తీశారు. అడుగునించి నీళ్ళు సుళ్ళు తిరుగుతా వచ్చినయ్. గోడ కిందికి పోతున్నట్టుంది, మేం పైకి లేస్తున్నాం. నేను భయంతో మా అమ్మ చెయ్యి పట్టుకొన్నా. తరవాత తెనాలి కాలవలోకి దిగేటప్పుడు భయం వెయ్యలా, ఏడుపొచ్చింది" అన్నది.

పనామాలోనూ జరిగేది సరిగ్గా ఇదే. అక్కడా పంపులతో నీరు తోడరు. పైనున్న నీటిని కిందికి వదిలితే ఓడ దానంతటది లేస్తుంది. పాత లాకుల్లో ఒక్క ఓడను ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు దాటించడానికి ఇంచుమించు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలవుతుంది. 2023లో వానలు లేక సరస్సు తగ్గితే, రోజుకు దాటే ఓడల సంఖ్యనే తగ్గించవలసి వచ్చింది. సూత్రం ఒకటే, మనది పడవంత, వాళ్ళది ఊరంత.

మన కాలవల చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. బెజవాడ దగ్గర కృష్ణకు మొదటి ఆనకట్ట పూర్తయినది 1855లో. కాలవలు తవ్వినవారు పొలాలకు నీరు పారడమే కాదు, పడవ పోవడం కూడా ఆలోచించారు. విజయవాడనుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలవ సుమారు 113 కిలోమీటర్లు. అక్కడినుంచి బకింగ్‌హాం కాలవ మద్రాసు దాకా మరో 316 కిలోమీటర్లు. బియ్యపు బస్తాలు, ఉప్పు, సరుగుడు కట్టెలు ఆ దారినే నడిచేవి. తరవాత రైళ్ళు పెరిగాయి, లారీలు వచ్చాయి, కాలవల్లో పూడిక పేరింది, పడవ దూరని వంతెనలు లేచాయి. 2008లో ఈ దారిని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. పేరు వచ్చింది గాని, మా కాలవలమీదికి రహదారి పడవ తిరిగి రాలేదు. నా క్లాసులో కొమ్మమూరు కాలవగట్టు పల్లెల పిల్లలున్నారు. ఆ కాలవమీద మద్రాసు వెళ్ళేవారంటే, సారు కథ చెబుతున్నాడని నవ్వుతారు.

సరే, ప్రయాణపు ఏర్పాట్లు సాగుతున్నాయి. మూడో వారంలో ఒక చిక్కు వచ్చింది. పనామా విడిచిన ఆరు రోజుల్లోగా మన దేశంలో అడుగుపెట్టేవారు ఎల్లో ఫీవరు టీకా వేయించుకొన్నట్టు పత్రం చూపాలి. ఆ టీకా ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేయించుకొన్న పది రోజులకు గాని పత్రం చెల్లదు. అరవై దాటినవారికి ఆ టీకాతో ప్రమాదం కొంచెం ఎక్కువ. మా డాక్టరుగారు నాయనమ్మ నాడి చూసి, "ఈ వయస్సులో ఈ సూదీ వద్దు, అంత దూరమూ వద్దు" అని తేల్చిచెప్పారు.

నిజానికి ఆవిడను తీసుకువెళ్ళాలని మేమెవరమూ అనుకోలేదు. ఆవిడే అనుకొన్నది! పెట్టెలోనుంచి ఉన్నిశాలువ తీసి ఎండలో వేయించడం నేను చూశాను గాని, అర్థం చేసుకోలేదు. డాక్టరుగారి మాట విన్నాక, ఆ శాలువ మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకొన్నది. ఒక్క మాట అనలేదు. అన్నట్లయితే నాకు ఆ రాత్రి నిద్రపట్టేదేమో.

కార్తీకంలో ఒక ఆదివారం కారు మాట్లాడి ఆవిడను దుగ్గిరాల తీసుకువెళ్ళాను. తెనాలికి ఎంతో దూరం లేదు. లాకుల దగ్గర దిగి, నా భుజం పట్టుకొని నిలబడింది. నీళ్ళు హోరుమంటూ పొలాలకు పరుగెత్తుతున్నాయి. పడవ లేదు. చాలాసేపు చూసి, "ఆ ఊళ్ళో తాడు ఎవరు లాగుతార్రా?" అని అడిగింది.

నాకు తెలియదు! మూడు నెలలనుంచి పుస్తకాలు తిరగేస్తున్నవాణ్ణి, ఈ ప్రశ్న నాకు తోచనే లేదు.

ఇంటికి వచ్చి వెతికితే తెలిసింది. పాత లాకుల్లో ఓడ గోడలకు తగలకుండా రెండు గట్లమీదా పట్టాలు వేసి, విద్యుత్తుతో నడిచే ఇంజన్లను పెట్టారు. ఓడకు తాళ్ళు కట్టి అవే పట్టుకొని నడుస్తాయి. వాటికి అక్కడివారు పెట్టిన పేరు "కంచరగాడిదలు"! అయితే 2016 జూన్ 26న మరింత పెద్ద ఓడలకోసం కొత్త లాకులు తెరిచారు. వాటిలో ఈ ఇంజన్లు లేవు. ముందూ వెనకా చిన్న పడవలు కట్టి ఓడను నడిపిస్తారు.

తమ్ముడు చూసిపెట్టింది కొత్త లాకుల్లో పోయే బ్రహ్మాండమైన ఓడ. దానికి ఇంకా బయానా కట్టలేదు గనుక బతికిపోయాము. పాత లాకు వెడల్పు 33 మీటర్ల చిల్లర. అందులో పట్టే చిన్న ఓడకు టిక్కెట్లు మార్చుకొన్నాము. ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారు ఎవరైనా ఓడలో ఎన్ని అంతస్తులని కాక, ఏ లాకుల్లో పోతుందని ముందు అడగడం మంచిది. ఇంకొకటి: కొన్ని ఓడలు సరస్సుదాకా ఎక్కి, తిరిగి వచ్చిన దారినే దిగిపోతాయి. అవతలి సముద్రం చూడాలంటే ఆ సంగతి కూడా తేల్చుకోవాలి. వానలు వెనకబడే నెలలు కనుక, అక్కడికి డిసెంబరు చివరినుంచి ఏప్రిల్ దాకా వెళ్ళడం సుఖం.

మేము సంక్రాంతికి బయలుదేరుతున్నాము. మా చిన్నత్తయ్య వచ్చి నాయనమ్మ దగ్గర వుంటానన్నది. ఊరగాయ సమస్య ఇంకా తేలలేదు. నాయనమ్మ మాత్రం మా అమ్మాయికి ఒక పని అప్పగించింది: తలుపు ఎటు తెరుచుకొంటుందో, నీరు ఎటునించి వస్తుందో, తాడు ఎక్కడ కడతారో అన్నీ చూసి వచ్చి చెప్పాలిట.

"తాతమ్మా! నీకు తెలిసిందేగా?" అన్నది మా అమ్మాయి.

"నాకు తెలుసులేవే. నీకు తెలియాలని" అన్నది మా నాయనమ్మ.