తుక్కు మంచిదే, మా వీధిలో వద్దు

పాత ఇనుము మళ్లీ వాడాలంటే కాదనేవాళ్లుండరు. ఖనిజం తవ్వకం తగ్గుతుంది, బొగ్గు మిగులుతుంది. చిక్కల్లా ఆ తుక్కును నుజ్జుచేసే యార్డు ఎవరి ఇంటి పక్కన ఉండాలన్న దగ్గరే!

షికాగో సంగతే చూడండి. కలిగినవాళ్లుండే లింకన్ పార్క్ ప్రాంతంలో జనరల్ ఐరన్ అనే తుక్కు యార్డు ఉండేది. 2020 మేలో అక్కడ పేలుళ్లు జరిగాయి. ఆ ఏడాది చివరికల్లా దాన్ని మూసేసి, నగరం ఆగ్నేయ భాగంలో, కాల్యుమెట్ నది ఒడ్డున కొత్తది నడపాలని కంపెనీ అనుకుంది. అక్కడ ఎక్కువమంది లాటినోలు, నల్లజాతివాళ్లు. ఉక్కు మిల్లుల కాలం నుంచీ పొగా దుమ్మూ వాళ్లకు కొత్త కాదు. 2021 ఫిబ్రవరిలో ఆ యార్డు వద్దంటూ కొందరు నిరాహార దీక్షకు దిగారు. 2022 ఫిబ్రవరిలో నగర ఆరోగ్య శాఖ పర్మిట్ ఇవ్వనంది. కంపెనీ అప్పీలుకెళ్లింది. అప్పటికే యార్డు కట్టేశారు మరి!

కంపెనీ కోపం నాకు అర్థమవుతుంది. ఆ స్థలం పరిశ్రమల జోన్‌లోనే ఉంది. కానీ ఆ జోన్ అక్కడే ఎందుకుందన్నది అసలు ప్రశ్న. నగరం తీరులో వివక్ష ఉందని 2022లో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ తేల్చింది. 2023లో ఆ శాఖతో నగరానికి ఒప్పందం కుదిరింది. ఒక ప్రాంతం మీద మొత్తం కాలుష్య భారం ఎంతో లెక్కతీస్తామని నగరం ఒప్పుకుంది.

నా మటుకు నాకు, ఏ ఊళ్లోనైనా అనుమతికి ముందు అడగాల్సింది అదే. కొత్త యార్డు ఒక్కటే ఎంత దుమ్ము లేపుతుందని కాదు, ఉన్నవాటితో కలిపి ఎంత అని. మీరేమంటారు?